కారులోని ఆక్సిజన్ సెన్సార్ - పనితీరు, పరిరక్షణ

ప్రత్యేక వ్యాసం

వాహన కాలుష్యం అనగానే పొగగొట్టం నుండి వెలువడే నల్లని పొగ గుర్తుకు వస్తుంది. అయితే పెట్రోలు కార్లు విడుదల చేసే హానికర వాయువులు చాలావరకు కంటికి కనిపించవు. వాటిలో ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని, వాసన గాని లేదు. ఈ వాయువులు అదుపులో ఉండాలంటే ఇంజనులో ఇంధనం సక్రమంగా మండాలి. అది సక్రమంగా మండుతున్నదీ లేనిదీ అనుక్షణం గమనించి తెలియజేసే చిన్న పరికరమే ఆక్సిజన్ సెన్సార్.

ఈ పరికరం గురించి తగిన అవగాహన లేనందున వాహన యజమానులు రెండు రకాల పొరపాట్లు చేస్తున్నారు. హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోకుండా వాహనాన్ని నడపడం మొదటిది. కారణం తెలుసుకోకుండానే సెన్సార్‌ను మార్చివేయడం రెండవది. మొదటి దాని వలన అంతకంటే ఎంతో ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. రెండవ దాని వలన ధనం వృథా కావడమే గాక, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

నేపథ్యం

జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఈ సెన్సార్‌ను 1976లో స్వీడన్ దేశపు వోల్వో కార్లలో తొలిసారిగా అమర్చారు. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయినది. సీసం కలిసిన పెట్రోలు కన్వర్టర్‌నూ, సెన్సార్‌నూ పాడు చేస్తుంది. ఆ పెట్రోలు విక్రయం 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా నిలిచిపోయినది.

హైదరాబాద్ సహా 13 నగరాలలో 2010 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2017 ఏప్రిల్ 1 నుండి అవి దేశమంతటికీ వర్తించాయి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలు జరుగుతున్నవి. ప్రమాణాలు కఠినతరమైన కొద్దీ ఆక్సిజన్ సెన్సార్ ప్రాధాన్యం పెరుగుతూ వచ్చినది.

పనిచేసే విధానం

ఒక కిలో పెట్రోలు సంపూర్ణంగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. ఈ నిష్పత్తిని సాంకేతిక పరిభాషలో లామ్డా 1 అంటారు. గాలి ఇంతకంటే తగ్గితే కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు అధికమవుతాయి. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లను తొలగించడం కన్వర్టర్‌కు సాధ్యం కాదు. ఈ మూడింటినీ ఏకకాలంలో శుద్ధి చేయాలంటే మిశ్రమం లామ్డా 1కి అతి సమీపంలో ఉండి తీరాలి.

సెన్సార్ కొనభాగంలో జిర్కోనియా అనే పింగాణీ పదార్థం ఉంటుంది. దాని ఒక వైపు ఇంజను నుండి వెలువడిన వాయువులు, రెండవ వైపు బయటి గాలి తగులుతూ ఉంటాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కినపుడు, ఈ రెండు వైపుల మధ్య ఆక్సిజన్ వ్యత్యాసాన్ని బట్టి స్వల్ప విద్యుత్తు ఉత్పత్తి అవుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే సుమారు 0.1 వోల్టు వస్తుంది. ఈ సంకేతాన్ని గ్రహించిన ఇంజను కంప్యూటర్ ఇంధనాన్ని తదనుగుణంగా తగ్గించడమో, పెంచడమో చేస్తుంది. సెన్సార్ త్వరగా వేడెక్కడానికి అందులోనే ఒక చిన్న హీటర్‌ను అమర్చుతారు. ఇటీవలి అనేక కార్లలో మిశ్రమాన్ని మరింత కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్లు వాడుతున్నారు.

సాధారణంగా కారులో రెండు సెన్సార్లు ఉంటాయి. కన్వర్టర్‌కు ముందున్నది మిశ్రమాన్ని నియంత్రించడానికి తోడ్పడుతుంది. కన్వర్టర్ తరువాత ఉన్నది ఆ కన్వర్టర్ సక్రమంగా పనిచేస్తున్నదీ లేనిదీ పరిశీలిస్తుంది.

పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 20 శాతానికి చేరిన నేపథ్యంలో ఈ పరికరం పాత్ర మరింత పెరిగినది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉన్నందున, దానికి కిలోకు దాదాపు 9 కిలోల గాలి సరిపోతుంది. ఈ తేడాను గుర్తించి ఇంధన సరఫరాను సరిచేయడానికి సెన్సార్ సంకేతమే ఆధారం.

లోపాన్ని గుర్తించడం

మైలేజీ తగ్గడం, ఇంజను నిలకడగా తిరగకపోవడం, పొగగొట్టం వద్ద పెట్రోలు వాసన రావడం, డ్యాష్‌బోర్డుపై ఇంజను ఆకారపు దీపం వెలగడం ప్రధాన లక్షణాలు. దీపం నిలకడగా వెలిగినట్లయితే వీలైనంత త్వరగా పరీక్ష చేయించాలి. దీపం మిణుకు మిణుకుమంటే సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. అట్టి సమయంలో వేగం తగ్గించి, సురక్షితమైన చోట వాహనాన్ని నిలిపివేయాలి. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి మండినట్లయితే, ఆ వేడికి అందులోని తేనెపట్టు వంటి పింగాణీ భాగం కరిగిపోయే ప్రమాదం ఉన్నది.

స్కానర్‌లో కనిపించిన కోడ్ దర్యాప్తుకు ఆరంభం మాత్రమే, తీర్పు కాదు. ఉదాహరణకు పి 0135 అనే కోడ్ ముందు సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపాన్ని సూచిస్తుంది. అది హీటర్‌దే కావచ్చు, ఫ్యూజుదో, వైరుదో కావచ్చు. పి 0171 మిశ్రమంలో గాలి ఎక్కువైనదని తెలుపుతుంది. అందుకు కారణం ఇంజనులోకి అదనపు గాలి చొరబడడం, పెట్రోలు పంపు బలహీనపడడం, ఇంజెక్టర్లు పూడుకుపోవడం వంటివి ఏవైనా కావచ్చు. పి 0420 కన్వర్టర్ సామర్థ్యం తగ్గినదని సూచిస్తుంది. ఇటువంటి సందర్భాలలో సెన్సార్ ఉన్న మాటే చెబుతూ ఉండవచ్చు. నిజం చెప్పిన సాక్షిని మార్చినంత మాత్రాన లోపం తొలగదు.

సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గొట్టానికి చిన్న రంధ్రం పడినా బయటి గాలి లోపలికి చేరి, మిశ్రమంలో పెట్రోలు తక్కువైనదన్న తప్పుడు సంకేతం వెళుతుంది. కంప్యూటర్ అవసరం లేకున్నా పెట్రోలు పెంచుతుంది. కనుక సెన్సార్ మార్చే ముందు గొట్టాలు, స్పార్క్ ప్లగ్గులు, వైర్లు, కనెక్టర్లు పరిశీలించవలసిందిగా మెకానిక్‌ను కోరాలి. జిర్కోనియా సెన్సార్ ఉన్న కారులో ఇంజను వేడెక్కిన తరువాత ముందు సెన్సార్ వోల్టేజి 0.1, 0.9ల మధ్య చురుకుగా మారుతూ ఉండాలి. ఆ మార్పు మందగించినా, ఒకే చోట నిలిచిపోయినా తదుపరి పరీక్ష అవసరం. వైడ్‌బ్యాండ్ సెన్సార్లకు ఈ కొలత వర్తించదు.

విప్పిన సెన్సార్ కొన కూడా కొంత సమాచారమిస్తుంది. నల్లని మసి మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైనదనడానికి గుర్తు. తెల్లని పూత సిలికాన్ గమ్ వలన గాని, కూలెంట్ లీకు వలన గాని ఏర్పడవచ్చు. మూల కారణాన్ని సరిచేయకుండా కొత్త సెన్సార్ అమర్చితే అది కూడా త్వరలోనే పాడవుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

* కల్తీకి అవకాశం లేని అధీకృత బంకులలోనే పెట్రోలు పోయించాలి.

* ఇంజను ఆయిల్, కూలెంట్ తగ్గుతున్నట్లయితే పదే పదే నింపుతూ కాలం గడపక, అవి ఎక్కడికి పోతున్నవో పరీక్ష చేయించాలి. ఇంజనులో మండిన ఆయిల్, కూలెంట్ల అవశేషాలు సెన్సార్‌పై పేరుకుంటాయి.

* ఇంజను మరమ్మతులలో ఆక్సిజన్ సెన్సార్‌కు హాని కలిగించని గమ్ మాత్రమే వాడాలి.

* స్పార్క్ ప్లగ్గులను తయారీదారు సూచించిన గడువులో మార్చాలి.

* సెన్సార్‌ను పెట్రోలుతో గాని, ఇతర ద్రావకాలతో గాని కడగరాదు. లోపలి పింగాణీ పగిలే అవకాశం ఉన్నందున కింద పడిన సెన్సార్‌ను తిరిగి అమర్చరాదు.

* అనేక సెన్సార్లకు బయటి గాలి వైరు పోగుల సందుల ద్వారానే అందుతుంది. కనుక వైరును టంకంతో అతకరాదు. కనెక్టర్‌లో గ్రీజు నింపరాదు.

* పొగగొట్టం తీవ్రంగా వేడెక్కి ఉంటుంది కనుక అది చల్లారక ముందు సెన్సార్‌ను తాకరాదు.

* మూసి ఉన్న గ్యారేజీలో ఇంజనును నడిపి పరీక్షించరాదు.

హీటర్ లేని పాత సెన్సార్లు సుమారు 50 వేల నుండి 80 వేల కిలోమీటర్ల వరకు, హీటర్ గలవి లక్ష కిలోమీటర్లు, అంతకు పైబడి పనిచేస్తాయి. సి.ఎన్.జి. కార్లకు కూడా ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

చట్టపరమైన బాధ్యత

వాహనం రిజిస్టరైన ఏడాది తరువాత కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం పొందడం తప్పనిసరి. భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల వాహనాలకు ఈ పత్రం ఒక సంవత్సరం, అంతకు ముందువాటికి ఆరు నెలలు చెల్లుతుంది. భారత్ స్టేజ్-4 నుండి పెట్రోలు కార్లకు ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించరాదు. ఇంజను వేగం పెంచి పరీక్షించినపుడు లామ్డా విలువ 0.97, 1.03ల మధ్య ఉండాలి. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ క్రింద 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష లేదా రెండూ విధించవచ్చు.

ధ్రువపత్రం కోసం బ్యాటరీ వైరు తీసి దీపాన్ని తాత్కాలికంగా ఆర్పివేయడం పరిష్కారం కాదు. లోపం ఉన్నంతవరకు దీపం మళ్లీ వెలుగుతుంది, ఈలోగా వెలువడే విషవాయువులు రహదారి పక్కన నివసించే వారికి, కూడళ్లలో విధులు నిర్వహించే ట్రాఫిక్ సిబ్బందికి, పాఠశాలలకు వెళ్లే బాలబాలికలకు హాని చేస్తాయి. కావున ప్రతి వాహన యజమాని హెచ్చరిక దీపాన్ని నిర్లక్ష్యం చేయక, సకాలంలో పరీక్ష చేయించి, అసలు లోపాన్ని సరిచేయించుకోవలసి ఉన్నది. తద్వారా తన ఇంధన వ్యయాన్ని తగ్గించుకోవడమే గాక, పది మందీ పీల్చే గాలిని కాపాడిన వాడవుతాడు.