పాత అప్పులు, వసూళ్ళు, రుణ చరిత్ర

గడువులోగా తీర్చక నిలిచిపోయిన రుణమును వాడుకలో పాత అప్పు లేదా పాత బాకీ అని అంటారు. అప్పు పాతబడిన కొలదీ రెండు విషయములు మారుతాయి. మొదటిది, దానిని కోర్టు ద్వారా వసూలు చేయుటకు ఋణదాతకు గల అవకాశము. రెండవది, బాకీదారునికి మరల బ్యాంకు అప్పు పుట్టే అవకాశము. ఈ రెండూ వేర్వేరు చట్టములకు లోబడి ఉన్నవి. వీటిని కలగలిపి అర్థము చేసుకొనుట వలన చాలామంది నష్టపోతున్నారు. ఈ వ్యాసము పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో, అనగా పశ్చిమ ప్రకాశంలో, సాధారణముగా కనిపించే అప్పులను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది.

ప్రాంతీయ నేపథ్యము

పశ్చిమ ప్రకాశం వర్షాధారమైన మెట్ట ప్రాంతము. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి ప్రాంతములు నెల్లూరు జిల్లా నుండి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లా నుండి వచ్చి ఇందులో చేరినవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టబడినది. తరచు వచ్చే కరువుల వలన ఇక్కడ బోరు వేయుటకు, పొగాకు సాగుకు, పెళ్ళిళ్ళకు, వైద్యమునకు, పనుల కోసం వలస పోవుటకు కూడా అప్పు చేయుట పరిపాటి. పొగాకు రైతుల బ్యాంకు రుణములు కనిగిరి, పొదిలి వంటి వేలం కేంద్రములలో అమ్మకపు సొమ్ము నుండి జమ చేసుకొనబడతాయి. ఈ ప్రాంతపు అప్పులను స్థూలముగా మూడు రకములుగా చెప్పవచ్చును.
* ఊరిలోని వ్యక్తుల వద్ద ప్రోనోటుపై తెచ్చే చేబదుళ్ళు, వడ్డీ అప్పులు
* బ్యాంకులు, సహకార సంఘముల పంట రుణములు, బంగారు రుణములు
* సూక్ష్మరుణ సంస్థలు, ఫైనాన్సు కంపెనీలు, సెల్‌ఫోను యాప్‌ల ద్వారా వచ్చే రుణములు

అప్పుల భారమును చట్టము ద్వారా తగ్గించుట ఈ ప్రాంతమునకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్రములో ఉన్న కాలమున 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టము ప్రకారము, పాత బాకీలో అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లించిన రైతు అప్పు పూర్తిగా తీరినట్లే లెక్క. తరువాత 1977లో ఆంధ్ర ప్రదేశ్ వ్యవసాయ రుణగ్రస్తుల ఉపశమన చట్టము చిన్న రైతులను, భూమి లేని కూలీలను, గ్రామీణ చేతివృత్తులవారిని ఉద్దేశించి వచ్చినది.

ప్రోనోటు, వడ్డీ లెక్క

ప్రోనోటుపై వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొంటారు. రెండు రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు 24 శాతము. మూడేళ్ళు నిండబోయే సమయమున వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు వ్రాయించుకొనుట వాడుక. దీనినే నోటు తిరగవ్రాయుట అంటారు.

ఉదాహరణకు, 50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినట్లయితే నెలకు వడ్డీ 1,000 రూపాయలు. మూడేళ్ళకు 36,000 అవుతుంది. నోటు 86,000కు తిరగవ్రాస్తే, తరువాతి మూడేళ్ళకు వడ్డీ 61,920 అయి, మొత్తము 1,47,920కి చేరుతుంది. అదే వడ్డీని అసలులో కలపకుండా లెక్కిస్తే ఆరేళ్ళకు మొత్తము 1,22,000 మాత్రమే. కేవలము ఒకసారి నోటు తిరగవ్రాయుట వలన 25,920 రూపాయలు అదనముగా పడినవి. కొత్త నోటుపై సంతకము చేసినప్పుడు పాత నోటును వెనుకకు తీసుకొని రద్దు చేయించుట తప్పనిసరి. లేనిచో ఒకే బాకీకి రెండు పత్రములు ఉన్నట్లవుతుంది.

కాలదోషము

1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, అడిగిన వెంటనే చెల్లించవలసిన ప్రోనోటుపై దావా వేయుటకు నోటు తేదీ నుండి మూడేళ్ళు గడువు. ఆ గడువు దాటిన నోటును కాలదోషము పట్టిన నోటు అంటారు. స్థిరాస్తి తనఖా సొమ్ము వసూలుకు గడువు 12 సంవత్సరములు.

గడువు లోపల రెండు పనులు జరిగితే మూడేళ్ళ లెక్క మరల మొదలవుతుంది. ఒకటి, బాకీ ఉన్నట్లు సంతకముతో వ్రాసి ఇచ్చుట. రెండు, కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపును తన దస్తూరీతో గాని సంతకముతో గాని నమోదు చేయుట. నోటు వెనుక వేసే చెల్లు ఈ రెండవ కోవలోనిది. ఉదాహరణకు 2022 జూన్ 10 నాటి నోటుకు గడువు 2025 జూన్ 10తో ముగుస్తుంది. 2024 మే 5న వంద రూపాయలు జమ చేసి వెనుక సంతకము పెడితే గడువు 2027 మే 5 వరకు పెరుగుతుంది. అందువలననే ప్రోనోటు దావాలలో చెల్లుపై ఉన్న సంతకము నిజమైనదా కాదా అన్నది తరచుగా ముఖ్య వివాదము అవుతుంది.

గడువు దాటిన పిమ్మట వేసిన చెల్లు వలన చచ్చిన నోటు బ్రతకదు. కాని కాలదోషము పట్టిన అప్పును తీరుస్తానని బాకీదారుడు కొత్తగా వ్రాసి సంతకము చేస్తే, కాంట్రాక్టు చట్టములోని 25వ సెక్షను ప్రకారము అది చెల్లుబాటు అవుతుంది. కనుక పాత బాకీ విషయమై వచ్చినవారు ఇచ్చే కాగితముపై చదవకుండా సంతకము చేయరాదు. కరోనా కాలమునకు సంబంధించి 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును గడువు లెక్క నుండి మినహాయించవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ కాలమునకు తగిలే నోట్ల విషయములో దీనిని కూడా చూసుకొనవలెను.

కాలదోషము వలన కోర్టుకు పోవు మార్గము మూసుకొనును గాని అప్పు రద్దు కాదు. ఇష్టపూర్వకముగా తీర్చిన సొమ్మును తిరిగి అడుగుటకు వీలులేదు.

దావా, డిక్రీ, జప్తు

గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ సంగతి చెప్పకపోయినా, కొట్టివేయవలెనని చట్టము. అయినను సమను అందినప్పుడు హాజరు కాకపోవుట ప్రమాదకరము. హాజరు కానివారిపై ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. డిక్రీని 12 సంవత్సరముల వరకు అమలు జరుపవచ్చును. అనగా మూడేళ్ళలో తీరిపోవలసిన భయము మరి పన్నెండేళ్ళు వెంటాడుతుంది. పని కోసము హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళిన కుటుంబములకు సమను సకాలములో తెలియక ఇట్లు జరిగే అవకాశము ఎక్కువ.

డిక్రీ వచ్చినను అన్నిటినీ జప్తు చేయుటకు వీలులేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారము వంటపాత్రలు, కట్టుబట్టలు, చేతివృత్తి పనిముట్లు, రైతు అరక సామాను, దున్నే పశువులు, విత్తనములు, రైతు తాను నివసించే ఇల్లు, జీతములో కొంత భాగము జప్తు నుండి మినహాయింపబడినవి. సొమ్ము డిక్రీ విషయములో మహిళలను అరెస్టు చేయరాదు. చెల్లించే స్తోమత లేకపోవుట ఒక్కటే కారణముగా ఎవరినీ సివిలు జైలులో పెట్టరాదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అప్పు తీర్చలేకపోవుట నేరము కాదు. కాని చెక్కు ఇచ్చి అది వాపసు వస్తే 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు అవుతుంది. నోటీసు అందిన 15 రోజులలో సొమ్ము చెల్లిస్తే ఆ కేసు రాదు. హామీగా ఖాళీ చెక్కులు ఇచ్చుటలో గల ప్రమాదము ఇదే.

తండ్రి అప్పు

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చితీరవలెనన్న పాత హిందూ ధర్మశాస్త్ర నియమమును 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము తొలగించినది. 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. సొంత సంపాదనను అందుకు ఇవ్వనవసరము లేదు. అయితే వారసుడు నోటు తన పేర తిరగవ్రాస్తే అది అతని సొంత అప్పు అవుతుంది.

ఐ.పి. పెట్టుట

తెలుగునాట దివాలా తీయుటను ఐ.పి. పెట్టుట అంటారు. ఐ.పి. అనగా ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము కింద సివిలు కోర్టులో వేయబడుతుంది. కోర్టు దివాలాదారుగా ప్రకటించిన పిమ్మట ఆస్తి రిసీవరు అధీనములోనికి పోతుంది. ఋణదాతలు కోర్టు అనుమతి లేకుండా విడివిడిగా దావాలు నడుపరాదు. తనఖా ఉన్నవారి హక్కు మాత్రము అట్లే ఉంటుంది. పిటిషనుకు ముందు బంధువుల పేర ఆస్తిని మార్చితే ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చును. కనుక ఐ.పి. ఎగవేతకు మార్గము కాదు, ఉన్నదానిని అందరికీ పంచే పద్ధతి.

వసూలు ఏజెంట్లు

బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల తరఫున వచ్చే ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదని, బెదిరించరాదని, బంధుమిత్రుల ఎదుట అవమానించరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. ఏజెంటు చేసిన తప్పుకు ఆ సంస్థయే బాధ్యత వహించవలెను. వచ్చినవారిని గుర్తింపు కార్డు, అధికార పత్రము చూపమని అడుగవచ్చును. నగదు ఇచ్చి రసీదు తీసుకొనకపోవుట తగదు.

సూక్ష్మరుణముల వసూలులో ఒత్తిడి ఆంధ్ర ప్రదేశ్‌లో చాలా కాలముగా వివాదాస్పదము. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు పలు సంస్థల శాఖలను మూయించినారు. ఆత్మహత్యల వార్తల నేపథ్యములో 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 2011లో అది చట్టమైనది. వడ్డీ అసలును మించరాదని, బలవంతపు వసూలు నేరమని అందులో ఉన్నది. అయితే రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు ఈ చట్టము వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారము ప్రైవేటు వడ్డీ వ్యాపారుల దౌర్జన్యమునకు ఉదాహరణ.

యాప్‌ల ద్వారా ఇచ్చే రుణములకు 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు విధించినది. వీటి ప్రకారము అసలు ఋణదాత ఎవరో చెప్పవలెను, ఫోనులోని పేర్ల జాబితాను, ఫోటోలను తీసుకొనరాదు. ఫోటోలు మార్చి బెదిరించినప్పుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

రుణ చరిత్ర

బ్యాంకు అప్పుల చెల్లింపు వివరములను సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు భద్రపరుస్తాయి. వీటికి 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టము ఆధారము. స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. ఊరిలోని ప్రోనోటు అప్పులు ఇందులో కనబడవు. కాలదోషము పట్టిన బ్యాంకు అప్పు మాత్రము కనబడుతుంది. కోర్టుకు పోవు గడువుకు, ఈ నమోదుకు సంబంధము లేదు.

నివేదికలో కనిపించే మాటల అర్థము:
* క్లోజ్డ్: పూర్తిగా తీరినది.
* సెటిల్డ్: బ్యాంకు కొంత వదలుకొని రాజీ చేసుకొన్నది. కొత్త అప్పునకు ఇది అడ్డంకి కావచ్చును.
* రైటాఫ్: బ్యాంకు తన పద్దులలో నష్టముగా వ్రాసుకొన్నది. ఇది మాఫీ కాదు, వసూలు హక్కు అట్లే ఉంటుంది.

సరిదిద్దుకొను విధానము

ప్రతి సంస్థ సంవత్సరమునకు ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇవ్వవలెను. ముందుగా దానిని తెప్పించుకొని తనవి కాని అప్పులను, తీరినా బాకీగా చూపుతున్న వాటిని గుర్తించవలెను. తప్పులపై ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెనన్న నియమము 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. నిజమైన బాకీని మాత్రము ఎవరూ తుడిచివేయలేరు. స్కోరు పెంచెదమని రుసుము అడుగువారిని నమ్మరాదు.

రాజీ కుదిరితే షరతులను సొమ్ము కట్టకముందే వ్రాతపూర్వకముగా తీసుకొనవలెను. కట్టిన పిమ్మట బాకీ లేదను పత్రము పొందవలెను. తనఖా పత్రములను పూర్తి చెల్లింపు తరువాత 30 రోజులలో బ్యాంకు తిరిగి ఇవ్వవలెను. దావాలో ఉన్న బాకీలను లోక్ అదాలత్‌లో కూడా పరిష్కరించుకొనవచ్చును. అక్కడ రుసుము లేదు, దావాకు కట్టిన కోర్టు రుసుము కూడా వాపసు వస్తుంది. అక్కడి అవార్డుకు డిక్రీతో సమానమైన బలము ఉన్నది, దానిపై అప్పీలు లేదు. కావున తాను కట్టగలిగిన వాయిదాలకే ఒప్పుకొనవలెను. బ్యాంకు 30 రోజులలో ఫిర్యాదును పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును.

ఆ తరువాత చిన్న బంగారు రుణము లేక పంట రుణము తీసుకొని గడువులోగా తీర్చుట ద్వారా చరిత్ర క్రమముగా మెరుగుపడుతుంది.