కంప్యూటర్ కొనేటప్పుడు నానోమీటర్లు చూడాలా?

2024 డిసెంబర్ 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ నింగికెగసింది. దాని నాలుగో దశ మీది పోయెమ్-4 ప్రయోగ వేదికను నడిపిన కంప్యూటర్‌లో మన విక్రమ్ 3201 ప్రాసెసర్ పనిచేసింది. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీ దాన్ని 180 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసింది. సూర్యాపేటలో విద్యార్థి కొనే కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం 4 నుంచి 7 నానోమీటర్ల చిప్పే ఎక్కువగా ఉంటుంది. రాకెట్‌కు కావలసింది అదురును, వేడినీ చలినీ తట్టుకునే గట్టిదనం. ల్యాప్‌టాప్‌కు కావలసింది తక్కువ కరెంటుతో ఎక్కువ పని. చిప్పు మంచిచెడ్డలు తేల్చేది పనే.

1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు, అంటే చిన్న స్విచ్చులు, 2,300 ఉండేవి; దాని పద్ధతి 10,000 నానోమీటర్లు. 2020లో 5 నానోమీటర్ల పద్ధతిలో వచ్చిన యాపిల్ ఎం1లో అవి 1,600 కోట్లు. ట్రాన్సిస్టర్ చిన్నదైనకొద్దీ దాన్ని ఆన్, ఆఫ్ చేయడానికి పట్టే కరెంటు తగ్గుతుంది, పుట్టే వేడీ తగ్గుతుంది. ఇన్నేళ్ల పరుగంతా అందుకే.

అయితే ఒకప్పుడు ట్రాన్సిస్టర్ కొలతను చెప్పిన ఆ నానోమీటర్ల అంకె ఇప్పుడు కొలత కాదు, పేరు. 5 నానోమీటర్ల చిప్పులోనూ పక్కపక్క ట్రాన్సిస్టర్ గేట్ల మధ్య దూరం 50 నానోమీటర్ల దాకా ఉంటుంది. 2021లో ఇంటెల్ తన 10 నానోమీటర్ల పద్ధతిలో మెరుగైన రకానికి ‘ఇంటెల్ 7’ అని పేరు మార్చింది. ఒకే కంపెనీలోనూ అంకె దారి తప్పిస్తుంది. ఏఎండీ రైజెన్ 5 7520యూ 6 నానోమీటర్లది. 7530యూ 7 నానోమీటర్లది. కానీ మొదటిదానికి పాత డిజైన్, నాలుగు కోర్లు. రెండోదానికి దానికన్నా కొత్త డిజైన్, ఆరు కోర్లు. పనిలో రెండోదే మేలు.

మరి మన ఊళ్లలో ఎవరికి ఏది? మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఎండల్లో ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కోదాడ నుంచి హైదరాబాద్‌కు చదువుకోసం బస్సెక్కే పిల్లలకు ఛార్జింగ్ ఎక్కువసేపు నిలవాలి. వాళ్లకు కొత్త పద్ధతి చిప్పు నిజంగా ఉపయోగం. నాలుగు డబ్బులు ఎక్కువైనా పెట్టవచ్చు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో కాటా చీటీలు, బిల్లులు తీసే డెస్క్‌టాప్ రోజంతా ప్లగ్గుకే ఉంటుంది. దానికి ఒక తరం పాత చిప్పయినా చాలు; మిగిలిన డబ్బుతో ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, మంచి యూపీఎస్ తీసుకోవాలి.

షాపులో ముందుగా ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు అడగండి. ఎన్ని కోర్లు, ఏ తరం డిజైన్, బ్యాటరీ ఎన్ని గంటలు, ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా అన్నవి తేల్చుకోండి. మిగతావన్నీ సమానంగా ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య తేల్చుకోలేకపోతే, అప్పుడు నానోమీటర్లు చూడండి.