నెలలు నిండని శిశువులు - నెత్తుటిలోని సూచనలు

ఏడవ నెల బిడ్డ బ్రదుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రదుకదు అని మన పల్లెలలో నేటికిని చెప్పుకొనుట కలదు. ఈ మాటకు శాస్త్రాధారము లేదు. గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమునే యిచ్చును. అయినను ఆ మాట వెనుకనున్న భయము మాత్రము నిజమైనది. 37 వారములు నిండకమున్నే జన్మించిన శిశువులు 2020వ సంవత్సరమున ప్రపంచమున 1 కోటి 34 లక్షల మంది యనియు, అందు 30 లక్షల మంది మన దేశమువారే యనియు అంచనా.

వరంగల్లునందలి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాలయమై, చుట్టుపట్ల జిల్లాలకెల్ల పెద్దదిక్కుగా నున్నది. ఏటూరునాగారము నుండి వరంగల్లునకు సుమారు 100 కిలోమీటర్ల త్రోవ. కిలోగ్రాము తూగని పసికందు అట్టి త్రోవ దాటి వచ్చి, వార్మరు వెచ్చదనమున ఊపిరి నిలుపుకొన్నచో సంతోషింపనివారెవరు? కాని ఆ బిడ్డ రెండవయేట నడచునా, మాటలాడునా, బడికి పోయి నలుగురితో చదువుకొనునా యనునది వేరు ప్రశ్న. దానిని గూర్చియే మేము నేడు పాఠకులకు విన్నవింపదలచితిమి.

గర్భమందలి 24వ వారము మొదలు 32వ వారము వరకు శిశువు మెదడున నరపు తంతువులకు క్రొవ్వుపొర కప్పవలసిన కణములు ఇంకను లేతదశలో నుండును. తల్లి ఉమ్మనీటి సంచికి సూక్ష్మక్రిములు సోకినను, పుట్టిన పిదప బిడ్డ నెత్తుట విషక్రిములు చేరినను, శరీరము వానితో పోరాడుటకై సైటోకైనులను వార్తాహరులను పంపును. క్రిములు మెదడులో అడుగు పెట్టకపోయినను ఈ వార్తలచేతనే మెదడులోని కావలికణములు రెచ్చిపోవును. ఆ రెచ్చిపోవుటలో లేతకణములు నశించును. శత్రువునకై యెత్తిన కత్తి ఇంటిబిడ్డకే తగిలినట్లగుచున్నది.

ఈ పోరాటపు జాడలు నెత్తుటిలో దొరకును. వానిలో మన వైద్యశాలలకు చిరపరిచితమైనది సి.ఆర్.పి. అనబడు ప్రోటీను. 1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అను నిరువురు న్యుమోనియా రోగుల నెత్తుటిలో దీనిని కనుగొనిరి. ఇంటర్‌ల్యూకిన్-6 ముందుగా లేచి త్వరలో అణగిపోవును. దాని ప్రేరణచేత కాలేయము సి.ఆర్.పి.ని పుట్టించును గాన, ఇది కొన్ని గంటలు వెనుకబడి వచ్చును. మెదడు కణములు చితికినపుడు వెలువడు జి.ఎఫ్.ఎ.పి., ఎస్-100-బి వంటివి వేరొక తెగ.

అమెరికాలో 2002 మొదలు 2004 వరకు 14 వైద్యశాలలలో 28 వారములకు ముందే పుట్టిన 1,500 మందికి పైబడిన శిశువులను 'ఎల్గన్' అను పరిశోధనలో చేర్చిరి. నిత్యపరీక్షలకై తీయగా మిగిలిన నెత్తుటి బొట్లను అద్దుడు కాగితమువంటి దానిపై నింకించి, మొదటి దినమున, 7వ దినమున, 14వ దినమున కొలిచిరి. ఒక దినము మాత్రమే హెచ్చిన తాపముకంటె, వారము గడచినను చల్లారక మరల కనబడిన తాపమే పిదప బుద్ధివికాసమున కొరతతో ఎక్కువ సంబంధము కలదిగా తేలినది. ఆ బిడ్డలను పదియవ యేటివరకు వెంబడించి చూచిరి. మాకు ఆ కాగితముకంటె ఈ పదియేండ్ల ఓర్పే గొప్పదిగా తోచుచున్నది.

ఇట్లని నెత్తుటి పరీక్ష జాతకము కాదు. ఫలానా బిడ్డకు ఫలానా లోపము వచ్చునని నిర్ణయించి చెప్పగల సూచిక నేటికిని లేదు. ఎస్-100-బి క్రొవ్వునుండియు వెలువడును. ఎనొలేజు అను మరియొకటి ఎర్రకణములలోనే యుండును గాన, మడమను గ్రుచ్చి గట్టిగా పిండినచో కొలత తప్పును. కిలోగ్రాము బిడ్డ యొంట నుండు నెత్తురంతయు సుమారు 90 మిల్లీలీటర్లు, చిన్న చాయ గ్లాసెడు. మాటిమాటికి తీయుట తగదు.

అన్యదేశపు కొలతలను అట్లే తెచ్చుకొనుటయు క్షేమము కాదు. కాన్పువేళ ఊపిరాడక మెదడు దెబ్బతిన్న నిండునెలల శిశువుల శరీరమును చల్లబరచుట పాశ్చాత్య దేశములలో మేలు చేసినది. ఆ చికిత్సనే మన దేశమునందును, సింహళ, బంగ్లాదేశములయందును 408 మంది శిశువులపై పరీక్షింపగా, 2021లో ప్రకటితమైన ఫలితము విపరీతమయ్యెను: చల్లబరచిన వారిలో 100కు 42 మంది, తక్కినవారిలో 31 మంది మరణించిరి. క్రిములును వేరే. ఢిల్లీ వైద్యశాలల శిశువులలో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి మందులకు లొంగనివి ప్రబలముగా నున్నవని 2016లో వెల్లడియైనది. కావున మన బిడ్డల నెత్తుటి తాపమును మన వైద్యశాలలయందే కొలిచి తెలిసికొనవలసియున్నది. అందులకు కాకతీయ కళాశాల వంటి చోటికంటె తగినదేది?

అంతవరకు చేతనున్న సాధనములను విడువరాదు. నెలలు నిండకమున్నే నొప్పులు వచ్చిన తల్లికి స్టిరాయిడు సూదిమందు (ఇది 1972లో న్యూజీలాండు వైద్యులు చూపిన మార్గము), మెదడు రక్షణకై మెగ్నీషియము, పిమ్మట తల్లి రొమ్ముపాలు, తల్లి యెదపై వెచ్చదనము: ఇవి యేవియు వేలరూపాయల వ్యయము కావు. చేయి కడుగుకొనుటకు సబ్బు చాలును.

వెంబడించి చూచుటయే మనకు కొరవడుచున్నది. ఇంటికి పోయిన బిడ్డ మూడవ నెలలో మెడ నిలిపినదా, తొమ్మిదవ నెలలో కూర్చున్నదా యని చూడనిచో, నెత్తుటిని ఎన్ని మారులు కొలిచి యేమి ఫలము? తెలంగాణమున 2023 డిసెంబరు నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది గాన, త్రోవఖర్చు తల్లికి మునుపటి యడ్డంకి కాదు. నాట్ల దినములలో పోవు కూలియే యడ్డంకి. ఆ కూలిని తల్లి చేతిలో పెట్టి, మరల రావలసిన దినమును ఆమెకు తెలిసిన తెలుగులో చీటీపై వ్రాసి యిచ్చుటకు ప్రభుత్వమువారు ఎంత వెచ్చింపవలసియుండునో లెక్కకట్టి చూడవలయునని కోరుచున్నాము.