రెక్కల్లేని సీలింగ్ ఫ్యాన్: ఉక్కపోతకు ఎంతవరకు పనికొస్తుంది?

మందిర్ హసౌద్ (ఛత్తీస్‌గఢ్): రాయ్‌పూర్‌కు తూర్పున, 53వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం మందిర్ హసౌద్. తెలుగువారికి ఈ పేరు రైలు పట్టాల మీదుగా పరిచయం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్ చేరే మార్గంలో, గమ్యానికి కొద్ది దూరం ముందు వచ్చే స్టేషన్ ఇది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ వరకు ఈ మార్గం 1931లో పూర్తయింది. నాటి నుంచి ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో ఉత్తరాంధ్ర నుంచి ఇటు వచ్చి స్థిరపడినవారికి ఒక విషయం అనుభవపూర్వకంగా తెలుసు: ఇక్కడి ఎండ వేరు, విశాఖ తీరపు ఉక్క వేరు. అయితే వానాకాలం వచ్చేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది.

నవా రాయ్‌పూర్ విస్తరిస్తున్నకొద్దీ దాని పొరుగున ఉన్న ఈ ప్రాంతంలో కొత్త ఇళ్లు లేస్తున్నాయి. కొత్త ఇంటికి ఫ్యాన్లు ఎంచుకునే వేళ ఇప్పుడు దేశమంతటా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆన్‌లైన్ అంగళ్లలో అందంగా, దీపంతో సహా కనిపించే ‘రెక్కల్లేని’ సీలింగ్ ఫ్యాన్ కొనవచ్చా? తేమ ఎక్కువగా ఉండే చోట అది చెమట ఆరుస్తుందా? ధర చూస్తే సాధారణ ఫ్యాన్‌కు కొన్ని రెట్లు ఉంటుంది కనుక ఈ ప్రశ్నకు జవాబు కొనడానికి ముందే తెలుసుకోవడం మంచిది.

రెండు రుతువులు, రెండు అవసరాలు

రాయ్‌పూర్ ప్రాంతంలో మార్చి నుంచి జూన్ ఆరంభం వరకు పొడి వేడి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఆ రోజుల్లో గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్లు చక్కగా పనిచేస్తాయి. నీరు ఆవిరై గాలిలోని వేడిని గ్రహించడమే కూలర్ సూత్రం.

జూన్ మధ్యలో రుతుపవనాలు అడుగుపెట్టగానే పరిస్థితి తలకిందులవుతుంది. ఏడాది వర్షంలో అత్యధిక భాగం అక్కడి నుంచి సెప్టెంబరు చివరిలోపే కురుస్తుంది. అప్పటికే తేమతో నిండిన గాలిలోకి నీరు ఆవిరి కాదు. కూలర్ గదిని చల్లబరచకపోగా మరింత తేమను చేరుస్తుంది. ఏసీ లేని ఇంట్లో ఆ మూడు, నాలుగు నెలలు రాత్రి నిద్ర పట్టాలంటే మిగిలే ఆధారం సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లోనైతే ఏడాదిలో ఎక్కువ కాలం ఇదే పరిస్థితి. కాబట్టి ఫ్యాన్ ఎంపికను అలంకరణ విషయంగా మాత్రమే చూడరాదు. ఇంట్లోని పసిపిల్లల నిద్ర, వృద్ధుల ఆరోగ్యం దానితో ముడిపడి ఉన్నాయి.

ఫ్యాన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఫ్యాన్ గదిని చల్లబరచదు. గదిలోని తేమను తగ్గించదు. తిరిగే మోటారు వాడుకునే విద్యుత్తు అంతా చివరికి వేడిగానే మారుతుంది కనుక, ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిప్పితే గది అతి స్వల్పంగా వేడెక్కుతుంది కూడా. ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని.

శరీరం చెమటను ఆవిరి చేసి వేడిని వదిలించుకుంటుంది. గాలి కదలకపోతే చర్మాన్ని ఆనుకుని ఒక పలుచని పొర ఏర్పడి, తేమతో నిండిపోతుంది. ఇక చెమట ఆరదు, కారుతుంది. మనం ‘ఉక్కపోత’ అనేది ఈ స్థితినే. ఫ్యాన్ గాలి ఆ తడి పొరను నెట్టివేసి, దాని స్థానంలోకి కొంత పొడి గాలిని తెస్తుంది. గాలిలో తేమ ఎంత ఎక్కువగా ఉంటే, అదే ఉపశమనానికి అంత వేగంగా గాలి తగలాలి. సెకనుకు సుమారు 0.8 మీటర్ల వేగంతో గాలి ఒంటికి తగిలితే గది ఉష్ణోగ్రత 2 నుంచి 3 డిగ్రీలు తగ్గినంత హాయిగా అనిపిస్తుందని సౌఖ్య ప్రమాణాలు చెబుతాయి.

దీనికి ఒక హద్దు ఉంది. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి శరీరానికి వేడినే మోసుకొస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వయసు మీదపడినవారికి చెమట పట్టడం తగ్గుతుంది కాబట్టి వారికి ఫ్యాన్ ఇచ్చే మేలు మరింత పరిమితం. మే నెల మధ్యాహ్నాల్లో, ముఖ్యంగా రేకుల కప్పు కింద, ఫ్యాన్ ఒక్కదానినే నమ్ముకోరాదు. ఒంటిని తడిబట్టతో తుడుచుకోవడం, నీరు తాగుతూ ఉండటం, చల్లని చోటికి మారడం తప్పనిసరి.

ఒకే పేరు, మూడు యంత్రాలు

హిందీలో ‘పంఖా’ అన్న మాట రెక్క అనే అర్థమున్న ‘పంఖ్’ నుంచి వచ్చింది. మన ‘పంకా’ కూడా అదే. తెలుగులో ఫ్యాన్ భాగాలను రెక్కలనే అంటాం. ఆ లెక్కన ‘రెక్కల్లేని పంకా’ అన్న పేరులోనే వైరుధ్యం ఉంది. మార్కెట్‌లో ఆ పేరు కింద అమ్ముడయ్యే యంత్రాలు మూడు రకాలు.

మొదటిది, ఆన్‌లైన్‌లో అత్యధికంగా కనిపించేది. గుండ్రని పెట్టె లేదా పంజరం, చుట్టూ ఎల్‌ఈడీ దీపం, లోపల చిన్న ఫ్యాన్. ఇందులో రెక్కలు లేకపోలేదు, బయటికి కనిపించవంతే. రెక్కలు చిన్నవి, చుట్టూ గోడ ఉంటుంది కాబట్టి గాలి నేరుగా కింద ఉన్న కొద్దిచోటుకే పరిమితమవుతుంది.

రెండోది పళ్లేల ఫ్యాన్. ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని గుండ్రని పళ్లేలు వేగంగా తిరుగుతుంటే, వాటి ఉపరితలానికి అంటుకున్న గాలి కూడా వాటితోపాటు తిరిగి అంచుల నుంచి అన్ని వైపులకూ విడుదలవుతుంది. నికోలా టెస్లాకు 1913లో పేటెంటు లభించిన టర్బైన్ సూత్రం ఇదే. అమెరికాలో ‘ఎక్స్‌హేల్’ పేరుతో వచ్చిన సీలింగ్ ఫ్యాన్ ఈ కోవకు చెందినది. ఇందులో నిజంగానే రెక్కలు ఉండవు. గాలి గోడల వైపు వెళ్లి గదంతా మెల్లగా కలుస్తుంది. కింద కూర్చున్నవారికి నేరుగా తగిలే జోరు మాత్రం తక్కువ.

మూడోది వలయాకారపు ఫ్యాన్. డైసన్ సంస్థ 2009లో దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. అంతకుముందే 1981లో జపాన్‌కు చెందిన తోషిబా ఇటువంటి ఆలోచనకు పేటెంటు పొందింది. అడుగుభాగంలో దాగిన చిన్న చక్రం గాలిని పీల్చి, వలయం అంచున ఉన్న సన్నని చీలిక గుండా బయటికి నెడుతుంది. ఆ గాలి వంపు తిరిగిన ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాగుతూ చుట్టుపక్కల గాలిని తనతో లాక్కుపోతుంది. రుమేనియా శాస్త్రవేత్త హెన్రీ కొవాండా పేరుతో ఈ ధర్మాన్ని పిలుస్తారు. ఇది ప్రధానంగా బల్ల మీద, నేల మీద నిలిచే ఫ్యాన్ల పద్ధతి.

కాబట్టి దుకాణదారును అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ మూడింటిలో ఇది ఏ రకం?

అంకెలే గీటురాయి

మన దేశంలో సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. విద్యుత్తు పొదుపు సంస్థ బీఈఈ దీన్ని నిర్వహిస్తోంది. ఫ్యాన్ నిమిషానికి వీచే గాలిని ఘనపు మీటర్లలో కొలిచి, వాడుకునే వాట్లతో భాగించగా వచ్చే అంకె ఆధారంగా స్టార్లు ఇస్తారు. 2023లో అమలుకు వచ్చిన పట్టిక ప్రకారం 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు ఆ అంకె 4 ఉంటే ఒక స్టార్, 6 లేదా అంతకు మించి ఉంటే ఐదు స్టార్లు. ఈ పరిమాణపు ఫ్యాన్ కనీసం నిమిషానికి 210 ఘనపు మీటర్ల గాలి ఇవ్వాలి.

ఒక లెక్క చూద్దాం. 210 ఘనపు మీటర్ల గాలిని 75 వాట్లతో ఇచ్చే పాత ఫ్యాన్ అంకె 2.8. అంటే ఒక స్టార్‌కు కూడా తూగదు. అంతే గాలిని 30 వాట్లతో ఇచ్చే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ అంకె 7. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 240 రోజులు తిప్పితే మొదటిది 216 యూనిట్లు, రెండోది సుమారు 86 యూనిట్లు ఖర్చు చేస్తాయి. ఒక్క ఫ్యాన్‌పైనే తేడా 130 యూనిట్లు. కరెంటు పోయి ఇన్వర్టర్‌పై నడిచే వేళ ఈ తేడా మరింత తెలుస్తుంది. బ్యాటరీపై ఒక పాత ఫ్యాన్ వేసే భారంతో రెండు కొత్త ఫ్యాన్లు తిరుగుతాయి.

రెక్కల్లేని ఫ్యాన్‌ను కూడా ఇదే తూకంలో వేయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. విదేశీ తయారీ ఫ్యాన్లపై గాలి పరిమాణాన్ని తరచుగా ఘనపుటడుగుల్లో, అంటే ‘సీఎఫ్ఎం’లో ముద్రిస్తారు. 3,000 అన్న అంకె చూస్తే మన 210 దాని ముందు చిన్నదిగా అనిపిస్తుంది. ఒక ఘనపు మీటరు అంటే 35.3 ఘనపుటడుగులు. కాబట్టి 3,000 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 85 ఘనపు మీటర్లే. మన సాధారణ ఫ్యాన్ ఇచ్చేది అదే కొలమానంలో సుమారు 7,400. అందువల్ల సీఎఫ్ఎం అంకెను 35.3తో భాగించిన తరువాతే పోల్చాలి. గాలి పరిమాణాన్ని అసలు ముద్రించని ఫ్యాన్‌ను ఉక్కపోత ఉన్న గదికి కొనకపోవడమే మేలు.

దుమ్ము, తేమ, మరమ్మతు

రాయ్‌పూర్ చుట్టూ ఉక్కు, స్పాంజ్ ఐరన్ పరిశ్రమలు ఉన్నాయి. రహదారి పక్కన నిర్మాణాల దుమ్ము సరేసరి. సాధారణ ఫ్యాన్ రెక్కపై పేరుకున్న దుమ్ము కంటికి కనిపిస్తుంది, తడిబట్టతో రెండు నిమిషాల్లో పోతుంది. మూసి ఉన్న ఫ్యాన్‌లో అది లోపల చేరుతుంది. వానాకాలపు తేమ దానికి తోడైతే ముక్కవాసన వస్తుంది, బూజు పట్టే అవకాశమూ ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారి గదిలో ఇది చిన్న విషయం కాదు. పైమూతను మర అవసరం లేకుండా విప్పి శుభ్రం చేసుకోగల నమూనానే ఎంచుకోవాలి.

మరమ్మతు మరో సమస్య. పాతతరం ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివరి మెకానిక్ కెపాసిటర్ మార్చి సరిచేస్తాడు. మోటారు, దీపం, రిమోట్ అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డుపై ఆధారపడిన ఫ్యాన్‌లో బోర్డు చెడితే గదికి గాలీ పోతుంది, వెలుతురూ పోతుంది. తయారీదారుకు దగ్గరి పట్టణంలో సేవాకేంద్రం ఉందా, బోర్డు విడిగా దొరుకుతుందా అన్నది వారంటీ సంవత్సరాలకన్నా ముఖ్యమైన ప్రశ్న. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లోనూ బోర్డు ఉంటుంది కనుక అక్కడా ఇదే అడగాలి. అటువంటి ఫ్యాన్‌ను గోడపై ఉన్న పాత రెగ్యులేటర్‌తో కలపరాదన్న సంగతి బిగించేవారికి ముందే చెప్పాలి.

ఎవరికి ఏది తగినది

రెక్కల్లేని ఫ్యాన్‌కు తగిన చోట్లు లేకపోలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఫ్యాన్ అడుగుభాగం నేల నుంచి కనీసం 2.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. రెక్కలకూ స్లాబుకూ మధ్య 300 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ రెండూ కుదరని గదులు, ఫాల్స్ సీలింగ్ వల్ల ఎత్తు తగ్గిన గదులు, పిల్లల అంతస్తుల మంచాలు ఉన్నచోట్ల చేతికి రెక్క తగిలే ప్రమాదం నిజమైనది. అక్కడ మూసి ఉన్న ఫ్యాన్ భద్రత ఇస్తుంది. ఏసీ ఉన్న గదిలో చల్లగాలిని అన్ని మూలలకూ చేర్చడానికి పళ్లేల ఫ్యాన్ నెమ్మదైన గాలి సరిపోతుంది. కొత్త ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా తయారవుతున్నాయి. ఫ్యాన్ తోడుంటే దాన్ని మరో రెండు డిగ్రీలు పెంచుకున్నా హాయికి లోటుండదు.

ఏసీ లేని పడకగదికి మాత్రం జవాబు వేరు. జులై రాత్రి, గాలి స్తంభించి, కిటికీ బయట వాన చినుకులు పడుతున్నప్పుడు చెమట ఆరేది ఒంటికి తగిలే గాలి జోరుతోనే. ఆ పనికి ఐదు స్టార్ల, 1200 మిల్లీమీటర్ల, రెక్కలున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు దీటైనది ఆ ధరలో మరొకటి లేదు. గది పొడవుగా ఉంటే మధ్యలో ఒక పెద్ద ఫ్యాన్ కన్నా మంచం పైన ఒకటి, కూర్చునే చోట ఒకటి వేయడం మంచిది.

కొనేముందు

ఫ్యాన్‌ను దుకాణంలో తిప్పించి, దాని సరిగ్గా కింద కాక, మంచం అంచు ఎంత దూరంలో ఉంటుందో అంత పక్కకు జరిగి నిలబడి చూడాలి. చేతిని కొద్దిగా తడిపి చాస్తే గాలి తగులుతున్నదీ లేనిదీ వెంటనే తెలుస్తుంది. ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో గమనించాలి. సీలింగ్ ఫ్యాన్లకు ఈ ధ్రువీకరణను తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. స్టార్ లేబుల్‌పై గాలి పరిమాణం, వాట్లు చదివి, ఒకదాన్ని మరొకదానితో భాగించాలి. లేబుల్ లేకపోతే ఎందుకు లేదో అడగాలి.

ఇంటికి అందం కావాలనుకుంటే హాలులో రెక్కల్లేని ఫ్యాన్ వేలాడదీయవచ్చు. అమ్మమ్మ పడుకునే గదిలో మాత్రం గాలి వచ్చే ఫ్యాన్ ఉండాలి.