యుద్ధం ముగియడానికి ఒక్క రోజు ముందు

ఏటా జూలై 26న కార్గిల్ విజయ్ దివస్ జరుపుకుంటాం. భిలాయి ఉక్కు నగరానికి మాత్రం ఆ ముందు రోజే గుర్తు. 1999 జూలై 25న ఆ ఊరి బిడ్డ నాయక్ కౌశల్ యాదవ్ జూలూ టాప్‌పై ప్రాణాలర్పించాడు. 9 పారా స్పెషల్ ఫోర్సెస్‌లో స్క్వాడ్ కమాండర్. మరణానంతరం వీరచక్ర లభించింది. భిలాయి అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది.

టైగర్ హిల్ జూలై మొదట్లోనే మన చేతికొచ్చింది కదా, నెలాఖరులో ఈ ప్రాణనష్టం ఎందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జూలై 11న అటారీలో రెండు దేశాల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్లు సమావేశమయ్యారు. పాక్ బలగాలు వెనక్కి వెళ్లాలన్నది అక్కడి ఒప్పందం. చాలా శిఖరాలు ఖాళీ అయ్యాయి. కానీ నియంత్రణ రేఖను ఆనుకుని కొన్ని చోట్ల వాళ్లు కదల్లేదు. ముష్కో లోయలోని జూలూ ప్రాంతం వాటిలో ఒకటి. గడువు దాటినా శత్రువు మన నేల మీద కూర్చుంటే, రేపటికి అదే కొత్త సరిహద్దు అంటాడు. కాబట్టి దాడి తప్పలేదు. నా వృత్తిపరమైన అభిప్రాయం కూడా అదే.

అయిదు వేల మీటర్ల ఎత్తులో నిట్టనిలువు రాతిగోడ ఎక్కడమంటే నాలుగడుగులకోసారి ఊపిరి అందదు. పైనున్నవాడికి రాయి దొర్లించినా చాలు. అలాంటి చోట మ్యాపు మీద బాణం గుర్తు గీసేది మాలాంటి అధికారులు. తాడు పట్టుకుని ముందు ఎక్కేది నాయక్, అతని వెనక నలుగురైదుగురు కుర్రాళ్లు. అకాడమీలో మాకు ఎన్ని పాఠాలు చెప్పినా, ఈ సంగతి నాకు బోధపడింది మాత్రం యూనిట్‌లో చేరాకే.

జూన్‌లో అమరుడైన మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు తెలుగువారికి సుపరిచితం. జూలై చివరి వారంలో పోయినవారి పేర్లు విజయోత్సవాల హడావిడిలో మరుగున పడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లి భిలాయి కర్మాగారంలో తరాలుగా కొలువు చేస్తున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పిల్లలకైనా కౌశల్ ఎవరో తెలియాలి.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం జూనియర్ క్రీడాకారులకు షహీద్ కౌశల్ యాదవ్ పేరిట పురస్కారం ఇస్తోంది. ఆ పత్రం మీద ఆయన పేరు కింద ‘జూలూ టాప్, 25 జూలై 1999’ అని ఒక్క వరుస అచ్చువేయిస్తే బాగుంటుంది.