పాత పెయింటుబాలు మార్కరును బాగుచేసికొను విధము

మన పాఠశాలలో చదివి, ఇప్పుడు అమెరికాలో ఇంజనీరింగు చదువుచున్న పూర్వవిద్యార్థి యొకడు కొంతకాలము క్రిందట నాకొక జాబు వ్రాసెను. అతడు స్నేహితులతో కూడి పెయింటుబాలు ఆటకు పోవుచు, మరియొకరు వాడి విడిచిన మార్కరును చౌకగా కొనెనట. అది బుస్సున వాయువు వదలుచున్నది. గుండ్లు వంకరగా పోవుచున్నవి. పదునాలుగంగుళముల క్రొత్త గొట్టము కొందునా, లేక ట్రిగ్గరును మార్పింతునా యని అతని ప్రశ్న. ఆ రెండును ఇప్పుడు వలదని నేను వ్రాసిన ప్రత్యుత్తరమునే, యంత్రములయందు ఆసక్తిగల విద్యార్థుల కొరకు కొంచెము పెంచి యిచ్చట వ్రాయుచున్నాను. నేను ఈ ఆట ఆడినవాడను గాను. అయినను స్ప్రింగు, కవాటము, వాయువు ఎచ్చటనైనను ఒక్క విధముగనే పనిచేయును గదా.

పెయింటుబాలు అనగా పలుచని జిలటిను పొరలో రంగుద్రవము నింపిన గుండు. సాధారణముగా దాని వ్యాసము 0.68 అంగుళము, బరువు సుమారు 3 గ్రాములు. తగిలినచోట పగిలి మరకచేయును. దీనిని విసరు తుపాకి మొదట ఆటకొరకు పుట్టినది కాదు. అడవులలో నరకవలసిన చెట్లకును, మందలలోని పశువులకును దూరమునుండి గుర్తుపెట్టుటకై చేయబడినది. మార్కరు అను పేరు అందువలననే వచ్చినది. 1981 సంవత్సరము జూన్ 27వ తేదీన న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి హెన్నికర్ దగ్గర పండ్రెండుగురు అడవిలో జెండాల కొరకు పోటీపడి, వీనితో మొదటి ఆట ఆడిరి. అందు గెలిచిన రిచ్చీ వైట్ అను అడవిపనివాడు ఒక్క గుండైనను పేల్చక జెండాలన్నియు తెచ్చెనని చెప్పుదురు. గొట్టము పొడవును గూర్చి విచారపడువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మన విద్యార్థి కొన్నది 1998లో మొదట వెలువడిన టిప్‌మన్ 98 జాతి మార్కరు. పాతవానిలో ఇది మిక్కిలి విరివిగా దొరకును. ట్రిగ్గరు నొక్కగానే కొక్కెము జారి, స్ప్రింగు బలముచే సుత్తి ముందుకు దుమికి కవాటపు కాడను కొట్టును. సుత్తితో కడ్డీచే కలుపబడిన ముందు బోల్టు అప్పటికే గుండును గొట్టములోనికి త్రోసియుండును. తెరచుకొన్న కవాటమునుండి వాయువులో కొంత ముందుకు పోయి గుండును తరుమును. కొంత వెనుకకు పోయి సుత్తిని మరల కొక్కెమునకు తగిలించును. ఒకే వాయువు రెండు పనులు చేయుచున్నది. కావున ఎచ్చట కొంచెము కారినను రెండు పనులును చెడును.

విప్పుటకు ముందు గుండ్ల డబ్బాను తీసివేయవలెను. పిదప వాయువు సీసాను తీసి, లోన మిగిలిన వాయువును క్షేమమైన దిక్కునకు పేల్చి ఖాళీచేయవలెను. ఈ క్రమము తప్పరాదు. దీని దేహము అచ్చుపోసిన రెండు చిప్పలు; మరలు తీసి ఒక చిప్పను పైకెత్తిన చాలు, లోపలి భాగములన్నియు కనబడును. స్ప్రింగులు ఎగిరిపోకుండ ఒక చేయి అడ్డముంచి, తెల్లగుడ్డపై తీసినది తీసినట్లు వరుసగా పెట్టుకొనవలెను.

కారుచోటును కనిపెట్టుటకు సైకిలు షాపువాని ఉపాయమే మేలు. అతడు ట్యూబును నీటిలో ముంచి బుడగలు చూచును. ఇచ్చట సబ్బునురుగును కీళ్లపై పూసి చూడవలెను. సీసా మూతికిని మార్కరుకును నడుమనున్న రబ్బరు ఓరింగు చిరుగుట అన్నిటికంటె సామాన్యమైన జబ్బు. వాయువు గొట్టము మూతినుండి వచ్చుచున్న యెడల కవాటములోని సీలు అరిగినదని గ్రహింపవలెను. సుత్తిమీది ఓరింగు అరిగిన యెడల సుత్తి కొక్కెమునకు తగులక, ఒక్కసారి నొక్కినను పలుమారులు కొట్టుకొనును. వీని వెల అత్యల్పము. మార్కరు నూనె నాలుగు చుక్కలు సీసా బిగించు రంధ్రమున వేసి, గుండ్లు లేకుండ కొన్నిసార్లు పేల్చిన, నూనె లోపలంతయు పాకును. తుప్పు వదలించు స్ప్రేలు కొట్టిన రబ్బరు ఉబ్బి పాడగును. అధికపీడనపు గాలిసీసా నింపు ముక్కునకు మాత్రము ఎట్టి నూనెయు తగులనీయరాదు. ఆ పీడనమున నూనె భగ్గున మండవచ్చును.

ఇక వాయువు. పాత మార్కర్లతో తరచుగా బొగ్గుపులుసు వాయువు సీసా వచ్చును. అందు వాయువు ద్రవరూపమున ఉండును గనుక, పీడనము సీసాలోని పరిమాణమును బట్టి గాక ఉష్ణోగ్రతను బట్టి యుండును. సున్న డిగ్రీల సెంటీగ్రేడువద్ద చదరపు అంగుళమునకు సుమారు 500 పౌనులు. 20 డిగ్రీలవద్ద సుమారు 830 పౌనులు. 31 డిగ్రీలు దాటిన తరువాత ద్రవమే యుండదు, పీడనము వేగముగా హెచ్చును. మన గుంటూరు ఎండలో అట్టి సీసాను కారులో విడిచిన ఏమగునో ఊహించుకొనుడు. వెంటవెంట పేల్చినప్పుడు ఇందుకు విరుద్ధముగా సీసా చల్లబడి, గుండువేగము తగ్గును. ఈ చిక్కులను తప్పించుకొనుటకే 3000 పౌనుల మామూలు గాలిని నింపి, రెగ్యులేటరుచే సుమారు 800కు దించి యిచ్చు సీసాలు వచ్చినవి. డబ్బు పెట్టి చేయదగిన మార్పులలో నా మతమున ఇది మొదటిది.

ఈ సీసాలయందే ఒక ఘోరమైన ప్రమాదము గలదు. సీసాను మార్కరునుండి విప్పునప్పుడు, సీసాకు బిగించిన కవాటము మార్కరుకే అంటియుండి, సీసా మాత్రము దానినుండి ఊడిరావచ్చును. అప్పుడది తూటావలె ఎగురును. ఇందువలన ప్రాణములు పోయినవి. కవాటముమీదను సీసామీదను కలియునట్లు గోళ్లరంగుతో ఒక గీత గీయుడు. త్రిప్పునప్పుడు గీత రెండు ముక్కలైన, వెంటనే ఆపి పనితెలిసినవానికి చూపవలెను. సీసామీద ముద్రించిన పరీక్షతేదీని కూడ చూడవలెను; అమెరికాలో సాధారణముగా అయిదేండ్లకొకసారి నీటిపీడనముతో పరీక్షింతురు.

వేగమును క్రోనోగ్రాఫుతో కొలువకుండ ఆటకు దిగరాదు. బయటి మైదానములలో సెకనుకు 300 అడుగులు సామాన్యమైన మితి, పలుచోట్ల 280. మూడు గ్రాముల గుండు 300 అడుగుల వేగమున పోయిన దాని శక్తి సుమారు 12 జౌలులు, అనగా కిలోగ్రాము బరువు నాలుగడుగుల ఎత్తునుండి పడినంత. వేగము పదవవంతు పెరిగిన శక్తి నూటికి 21 వంతులు పెరుగును. చర్మముపై ఇది కమిలిన మచ్చ. కంటిపై ఇది అంధత్వము. కావున పాత మార్కరుతో ఉచితముగా వచ్చిన గీతలుపడిన ముసుగును పారవేసి, ఈ ఆటకొరకే చేసిన క్రొత్తది కొనవలెను. చదువుకొను కళ్లద్దములుగాని ఈతగాండ్ర అద్దములుగాని దీనికి బదులు కావు.

పొడవుగొట్టము మాటేమి? వేగమునకు మితి యున్నప్పుడు గొట్టము పెరిగినంతమాత్రమున దూరము పెరుగదు. గుండును వెనుకకు త్రిప్పి విసరు వంపుగొట్టముల సంగతి వేరు. గుండు సూటిగా పోవుటకు గుండును గొట్టమును ఒకదానికొకటి సరిపడవలెను. గుండును గొట్టములో వేసిన తనంత జారిపడక నిలువవలెను, నోటితో ఊదిన బయటికి పోవలెను. గొట్టములోని పాత రంగును తుడువవలెను. చెమ్మపీల్చి ఉబ్బిన పాత గుండ్లను వాడరాదు. మన విద్యార్థి మార్కరులో గుండ్లు వంకరగా పోవుటకు కారణము అదియేనని తరువాతి జాబులో తెలిసినది. గొట్టము నిండ ఎండిన పసుపురంగు పెచ్చులుగట్టి యున్నదట.