లేబుల్ ముద్రణ – కొలతలు, కాగితాలు

గౌతమీ తీరంలోని కపిలేశ్వరపురంలో ఒక కుటుంబం పూతరేకులు తయారుచేసి అమ్ముతున్నదనుకుందాం. ఏటికి ఆవల ఉన్న ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరిలో అమ్మినంతకాలం ఈ మిఠాయికి చీటీతో పనిలేదు. చేసినవారెవరో, ఎప్పుడు చేశారో కొనేవారికి తెలుసు. హైదరాబాదులోనో అమెరికాలోనో పెట్టె విప్పే వ్యక్తికి మాత్రం పైనున్న లేబులే ఆధారం. తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో తెలిపే తేదీ, పదార్థాల పట్టిక, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య దానిమీద స్పష్టంగా ఉండాలి. వీటిలో ఒక్క తేదీ చెరిగిపోయినా, నేతి మిఠాయి పాడయిందో లేదో తెలియక తినవలసి వస్తుంది.

ఈ లేబుళ్ళను ముద్రించే చిన్న యంత్రమే లేబుల్ ప్రింటర్. దానికి కళ్ళు లేవు. కాగితం ఎంత వెడల్పో, ఎంత పొడవో మనమే చెప్పాలి. అందువలన మొదట చేయవలసిన పని కంప్యూటర్ ముందు కూర్చోవడం కాదు, స్కేలుతో లేబుల్‌ను కొలవడం. లేబుళ్ళు అంటించి ఉన్న వెనుక పట్టీ వెడల్పు వేరు, లేబుల్ వెడల్పు వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఒక లేబుల్ వెడల్పు 50, ఎత్తు 25 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు లేబుళ్ళ నడుమ 3 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ప్రింటర్‌లోని కాంతి సెన్సార్ ఆ సందును గుర్తించి, తరువాతి లేబుల్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుంటుంది. దీనిని ‘గ్యాప్’ పద్ధతి అంటారు. వెనుక నల్లని గీత ఉన్న కాగితానికి ‘బ్లాక్ మార్క్’, విడివిడి లేబుళ్ళు లేని ఏకపట్టీకి ‘కంటిన్యువస్’ అనే ఎంపికలున్నాయి. గ్యాప్ ఉన్న చుట్టను పెట్టి, కంటిన్యువస్ అని ఎంచుకుంటే ఏమవుతుంది? యంత్రం సందును లెక్కచేయక ప్రతిసారి 25 మిల్లీమీటర్లే జరుగుతుంది. రెండవ లేబుల్‌కు అచ్చు 3 మిల్లీమీటర్లు తప్పుతుంది, ఐదవదానికి 12. అప్పుడు ఐదవ అచ్చులో 9 మిల్లీమీటర్లు నాలుగవ లేబుల్ మీద, 3 సందులో పడి, మిగిలిన 13 మాత్రమే తన చోట నిలుస్తాయి. తేదీ రెండు ముక్కలవుతుంది. యంత్రం చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయేవారు ముందు ఈ ఎంపికను చూసుకోవడం మంచిది.

కాగితపు రకాన్ని ఎంచుకోవడం ఇంతకంటె ముఖ్యమని నా అభిప్రాయం. ‘డైరెక్ట్ థర్మల్’ పద్ధతిలో సిరా ఉండదు. వేడి తగలగానే నల్లబడే పూత కాగితం మీదే ఉంటుంది. చౌక, సులువు. కాని ఎండకు, వేడికి, నూనె జిడ్డుకు ఆ అచ్చు క్రమంగా చెడిపోతుంది. నేతి మిఠాయి పెట్టెకు ఇది తగదు. ‘థర్మల్ ట్రాన్స్‌ఫర్’ పద్ధతిలో రిబ్బన్ మీది రంగు వేడికి కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. మామూలు కాగితానికి మైనపు రిబ్బన్ సరిపోతుంది. జిడ్డు తగిలేచోట ప్లాస్టిక్ లేబుల్, రెసిన్ రిబ్బన్ వాడాలి. యంత్రంలోని ఎంపిక కూడ అందుకు అనుగుణంగా మార్చాలి. రిబ్బన్ లేకుండా ఈ పద్ధతిని ఎంచుకుంటే యంత్రం పని ఆపివేస్తుంది. శాకాహారాన్ని తెలిపే ఆకుపచ్చ గుర్తును నల్ల రిబ్బన్ ముద్రించలేదు కనుక, ఆ గుర్తు ముందే అచ్చయిన లేబుళ్ళను కొనుక్కోవాలి.

ముద్రణ ముదురుదనానికి వేరొక అమరిక ఉంది. కుండ కాక ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. ఇక్కడా అంతే. వేడి ఎక్కువైతే బార్‌కోడ్ గీతలు ఒకదానిలోకొకటి కలిసిపోతాయి, తక్కువైతే అక్షరాలు వెలవెలబోతాయి. 203 డి.పి.ఐ. యంత్రం మిల్లీమీటరుకు 8 చుక్కలు పెడుతుంది. అందువలన మరీ చిన్న తెలుగు అక్షరాలలో గుడి, దీర్ఘం, ఒత్తు అలుక్కుపోతాయి. అక్షరాన్ని కొంచెం పెద్దది చేయడం ఉత్తమం.

కొత్త చుట్ట వేసిన ప్రతిసారి సెన్సార్‌ను సరిచూసే ‘క్యాలిబ్రేషన్’ చేసి, కనీసం పది లేబుళ్ళు వరుసగా ముద్రించి చూడాలి. మొదటిది సరిగా వచ్చినంత మాత్రాన చాలదు; పదవదానిని మొదటిదాని పక్కన పెట్టి పోల్చాలి. తరువాత ఒక లేబుల్‌ను ఖాళీ పెట్టెకు అంటించి, నేతి చేతితో రుద్ది, ఒకరోజు ఎండలో ఉంచి, తేదీ చదవగలుగుతున్నామో లేదో చూడాలి.